25 అంకణాల్లో ఎవరి గది ఎక్కడ?

మా ఊళ్లో స్థలం కొన్నామని ఎవరితో అన్నా మొదట అడిగేది "ఎన్ని అంకణాలు?" అని. గజాలు, సెంట్లు ఆ తర్వాతే. నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు పోతే అదే అంకణం 36 అడుగులే. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేటను నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు కదా, "మన స్థలాలన్నీ రాత్రికి రాత్రి రెట్టింపయ్యాయి" అని మా వారు జోకులేస్తుంటారు. జిల్లా మారింది కానీ మా నోటి లెక్క మారలేదు. మాది 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, తూర్పు ముఖం. అంటే 200 గజాలు. అంటే మా లెక్కలో 25 అంకణాలు.

వినడానికి బాగానే ఉంటుంది. ముందర బండి పెట్టుకోవడానికి, చుట్టూ సందులకు, వెనక పెరటికి వదిలేశాక ఇల్లు కట్టుకోవడానికి మిగిలింది 23 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు. 13 అంకణాల కంటే కాస్త ఎక్కువ. ఆ 13 అంకణాల్లో ఎవరికి ఎక్కడ చోటు అనే దాని మీద మా ఇంట్లో ఎనిమిది నెలలుగా మాటలు నడుస్తున్నాయి. ఇల్లు కట్టే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కట్టేసిన వాళ్లు చదివి నవ్వుకున్నా ఫరవాలేదు.

17 ఏళ్ల కాపురంలో మేం 6 అద్దె ఇళ్లు మారాం. ప్రతి ఇల్లూ ఏదో ఒకటి నేర్పింది. ఒక ఇంట్లో వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి వాళ్ల బాత్‌రూమ్ వెంటిలేటర్. ఒక ఇంట్లో బట్టలారేసుకోవాలంటే ఓనరు గారి వరండా దాటి మిద్దెక్కాలి. ఒక ఇంట్లో వాషింగ్ మిషన్ హాల్లో, టీవీ పక్కనే. ఇప్పుడున్న ఇల్లు మేడ మీద, 22 మెట్లు. అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఈ 22 మెట్లే. రెండేళ్ల కిందట మా అత్తయ్య బాత్‌రూమ్‌లో జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చినప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పైకి మోశారు. ఆ తర్వాత ఆమె కిందికి దిగింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెంగాళమ్మ గుడి ఇంటికి దగ్గరే. ఏడాదిలో రెండుసార్లు వెళ్లగలిగింది.

అందుకే ఇంజనీరు దగ్గరికి వెళ్లేముందు నేను గదుల లిస్టు రాయలేదు. మా అబ్బాయి పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని మా ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో రాశాను. పొద్దున నాలుగున్నరకు ఎవరు లేస్తారు, లైటు వేస్తే ఎవరికి నిద్ర చెడుతుంది, పాలవాడు ఏ గేటు దగ్గర పిలుస్తాడు, శ్రీసిటీ బస్సుకు ఈయన పరుగెత్తే టైములో బాత్‌రూమ్ ఎవరిది, రాత్రి అత్తయ్య ఎన్నిసార్లు లేస్తుంది, ఎన్ని అడుగులు నడుస్తుంది. మీరూ ఇల్లు కట్టబోతుంటే ముందు ఈ పని చెయ్యండి. "మూడు బెడ్‌రూమ్‌లు, హాలు, కిచెను" అంటే ఏ ఇంజనీరైనా పది నిమిషాల్లో గీసిస్తాడు. కానీ అది మన ఇల్లు అవదు.

మొదటి చర్చ బేస్‌మెంట్ ఎత్తు మీద. మన వైపు వాన అందరికీ పడే వాన కాదు. మిగతా ఆంధ్రకు జూన్ నుంచి వానలైతే మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యం నుంచి కొడుతుంది. కాళంగి పొంగి పులికాట్ వైపు పోయే రోజులు మనం చూసినవే. 2015 నవంబరు వానలు, 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను ఎవరూ మరిచిపోలేదు. స్థలం కొన్నాక మేం చేసిన మొదటి పని వీధిలో పాత కాపురాల వాళ్లను పలకరించడం. "అప్పుడు నీళ్లు యాడిదాకా వచ్చినాయి?" అని అడిగితే ఒకావిడ తన ఇంటి గోడ మీద మోకాలి ఎత్తున చెయ్యి పెట్టి చూపించింది. ఏ మ్యాపూ చెప్పని మాట అది. పైగా రోడ్డు మళ్లీ మళ్లీ వేసినప్పుడల్లా అరడుగు లేస్తుంది, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకని రోడ్డు మీద నుంచి 3 అడుగుల ఎత్తు ఉండాలని మేస్త్రీ అన్నాడు, ఇంజనీరూ అన్నాడు.

3 అడుగులంటే అత్తయ్యకు 6 మెట్లు. 22 పోయి 6 వచ్చాయి, సంతోషమే. కానీ రేపు చక్రాల కుర్చీ కావాలంటే? ర్యాంపుకు ఒక లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటేనే మనిషి తోసుకుంటూ ఎక్కించగలరు, కుర్చీ వెనక్కి జారదు. 3 అడుగులకు 36 అడుగుల ర్యాంపు. మా ముందు జాగా మొత్తం 13 అడుగులు. అత్తయ్య మోకాళ్లు ఒకవైపు, కాళంగి ఒకవైపు.

ఇంజనీరు కుర్రాడు, చిన్నవాడే అయినా ఓపికమంతుడు, రెండు రోజులు ఆలోచించి వచ్చాడు. "అక్కా, ఎత్తు రెండు విడతల్లో ఇద్దాం" అన్నాడు. ముందు స్థలం మొత్తాన్ని గ్రావెల్ తోలించి రోడ్డు కంటే అడుగున్నర లేపడం. గేటు దగ్గర కారు ఎక్కే వాలు ఎలాగూ ఉంటుంది. ఆ మెరక మీద నుంచి ఇల్లు ఇంకో అడుగున్నర. అప్పుడు వీధి గుమ్మానికి మెట్లు 3 చాలు. ఉత్తరం సందులో 18 అడుగుల ర్యాంపు పట్టేస్తుంది, అది హాలు పక్క గుమ్మం దగ్గర తేలుతుంది. ఆ సందు మూడున్నర అడుగులు, కుర్చీకి సరిపోతుంది. మన మెరక పక్కింటికి ముంపు కాకుండా వాన నీళ్లు ఇంకుడు గుంతలోకి, అక్కడి నుంచి వీధి కాలవలోకి పోయేలా వాలు ఇవ్వాలని కూడా రాయించాను. రేపు పక్కింటివాళ్లతోనే కదా మన బతుకు.

తర్వాత బాత్‌రూమ్. అత్తయ్య పడ్డాక ఫిజియోథెరపీ చేయడానికి వచ్చిన అమ్మాయి చెప్పిన మాటలన్నీ నోటుబుక్కులో ఉన్నాయి. తలుపు వెడల్పు 3 అడుగులు ఉండాలి. మామూలుగా బాత్‌రూమ్‌లకు పెట్టే రెండున్నర అడుగుల తలుపులో వాకరు తిరగదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డం పడి బయటివాళ్లు తెరవలేరు. ఇది మేం కళ్లారా చూసిందే. గడప ఉండకూడదు, నీళ్లు బయటికి రాకుండా వాలుతోనే చూసుకోవాలి. టైల్స్ గరుకువి. కమోడ్ పక్కన, షవర్ దగ్గర పట్టుకునే కడ్డీలు. ఆ కడ్డీలు టైల్స్ వేశాక గుర్తొస్తే లాభం లేదు, మనిషి బరువు మోయాలి కనుక అక్కడ గోడ గట్టిగా ఉండేలా ముందే చెప్పాలి. మంచం పక్కన ఒక స్విచ్చి, బాత్‌రూమ్ గుమ్మం దగ్గర ఇంకో స్విచ్చి, రెండూ ఒకే లైటుకు. ఇవన్నీ ముసలివాళ్ల కోసమే అనుకోకండి. రేపు మనకూ అరవై వస్తాయి.

ఇక వాస్తు. మా అత్తయ్యకు పట్టింపు ఉంది, నాకు అంతగా లేదు, మా వారికి అత్తయ్య మాట మీద పట్టింపు ఉంది. ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద పడకగది, ఈశాన్యంలో సంపు, బోరు. వీటితో నాకేం పేచీ లేదు. నా పేచీ గాలితో. సముద్రం మనకు తూర్పున. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక పులికాట్ మీదుగా వచ్చే ఆ చల్లగాలి కోసమే కదా అందరం గుమ్మాల్లో కూర్చుంటాం. అది వచ్చేదీ తూర్పు, ఆగ్నేయం నుంచే. అంటే నా పోపు ఘాటు, చేపల పులుసు వాసన ముందు పెట్టుకుని ఇల్లంతా తిరిగి పడమర కిటికీలోంచి పోతుంది. వంటింటికి తలుపు పెట్టించడం, ఎగ్జాస్ట్ ఫ్యానును గాలికి ఎదురుగా తూర్పు గోడకు కాకుండా దక్షిణం గోడకు పైన పెట్టడం, హాలుకు వేరే తూర్పు కిటికీ ఇవ్వడం, ఇలా సర్దుకున్నాం. వాస్తు చెడలేదు, గాలీ చెడలేదు. వాన ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి తూర్పు, ఉత్తరం కిటికీల మీద సజ్జలు రెండడుగులు. దోమతెర తలుపులు అన్ని కిటికీలకూ. ఉప్పుగాలికి మా పాత అద్దె ఇంటి ఇనప గ్రిల్లు పొరలు పొరలుగా రాలిపోవడం చూశాను కనుక కిటికీలు యూపీవీసీవి.

వంటింటి గురించి మాత్రం ఎవరి మాటా వినలేదు.

మనం ఇప్పుడు చూసే వంటిళ్లు, అంటే వరసగా గట్టు, కింద అరలు, పైన అరలు, సింకు పక్కన గిన్నెలు ఆరేచోటు, వీటన్నిటికీ ఒక మూలం ఉంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెట్ షూట్టె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు, అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు, కూలీల ఇళ్ల కోసం ఒక వంటిల్లు గీసింది. దాదాపు 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు, అంతే. స్టాప్‌వాచ్ పెట్టుకుని ఏ పనికి ఎంతసేపు పడుతుందో, ఎన్ని అడుగులు నడవాల్సి వస్తుందో కొలిచి గీసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలాంటివి పదివేల దాకా కట్టారు. ఆడవాళ్ల సమయానికి విలువ ఉందని గోడల్లో రాసిన మొదటి వంటిళ్లలో అదొకటి. కాకపోతే అందులో ఒక్క మనిషే పట్టేది. తలుపేసుకుంటే ఆ వంటామె ఒంటరి. ఆ విమర్శ తర్వాతి రోజుల్లో ఆడవాళ్లే చేశారు.

నేనూ ఆ స్టాప్‌వాచ్ పని చేశాను, ఫోన్లో. ఫ్రిజ్ నుంచి సింకుకు, సింకు నుంచి పొయ్యికి. ఇప్పుడున్న ఇంట్లో ఫ్రిజ్ హాల్లో ఉంది. ఒక పూట వంటకు నేను హాల్లోకి 19 సార్లు వెళ్లాను. కొత్త ఇంట్లో మూడూ మూడు అడుగుల దూరంలో. గట్టు ఎత్తు మీద మాత్రం మేస్త్రీకి, నాకు గట్టి వాదనే జరిగింది. "అందరికీ 33 అంగుళాలే అమ్మా" అన్నాడు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. నిలబడితే మోచెయ్యి నేల నుంచి 38 అంగుళాలు. కూరలు తరిగే గట్టు మోచేతికి 4 నుంచి 6 అంగుళాలు కింద ఉంటే భుజాలు లాగవు. అంటే తరిగే దగ్గర 33 సరే. కానీ పొయ్యి తన ఎత్తు తాను కలుపుకుంటుంది, దాని మీద పెనం, పెద్ద గిన్నె. 33 గట్టు మీద పొయ్యి పెట్టుకుని పులుసు కలపాలంటే చెయ్యి చెవి దాకా లేవాలి. అందుకని పొయ్యి దగ్గర 30, మిగతాచోట 33. రెండు ఎత్తుల గట్టు. చూడ్డానికి బాగుండదన్నారు. చూసేవాళ్లు కాదు కదా వండేది.

పెరట్లో నిలబడి చేపలు, రొయ్యలు కడుక్కునేలా కడప బండ, దానికో కొళాయి, కింద జాలీ ఉన్న కాలవ. నెల్లూరు ఇంట్లో ఇది లేకుండా వంటిల్లు సగమే. వంటింటి తూర్పు కిటికీ పక్కన నాలుగడుగుల గట్టు ముక్క ఒకటి ఖాళీగా వదలమన్నాను. "ఏం పెడతారక్కా, మైక్రోవేవా?" అన్నాడు ఇంజనీరు. "నన్ను" అన్నాను. ఇది రాసుకునేది అక్కడే.

మిద్దె సంగతి మా అబ్బాయిది. తూర్పు వైపు ఏదీ అడ్డం ఉండకూడదట, రాకెట్ కనపడాలి. 2023 జులై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 లేచినప్పుడు ఈ ఊళ్లో మిద్దె ఎక్కనివాళ్లు ఎవరు? కిటికీలు గడగడలాడాక గానీ శబ్దం వచ్చిందని తెలియదు. ఆ రోజుల్లో చుట్టాలంతా మన ఇంటికే వస్తారు కదా. అందుకని పిట్టగోడ మూడున్నర అడుగులు, మెట్లు బయటి నుంచి. పైన ఒక్క గది వేస్తున్నాం, అది వాడిది. చదువుకుంటాడో ఆకాశం చూస్తాడో వాడిష్టం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

మా వారు మొదట అనుకున్న ప్లాను వేరు. కింద రెండు పోర్షన్లు కట్టి అద్దెకిచ్చి, మేం పైన ఉండటం. మన ఊళ్లో షార్ వాళ్లు, శ్రీసిటీలో పనిచేసేవాళ్లు ఉన్నారు కాబట్టి అద్దెకు ఢోకా లేదు. లోను వాయిదాలో సగం ఆ అద్దెతో పోతుంది. లెక్క తప్పు కాదు. కానీ పైన అంటే మళ్లీ అత్తయ్యకు మెట్లు. లిఫ్ట్ మన తాహతు కాదు. నెల రోజులు ఆ లెక్కలు చేసి, చివరికి ఆయనే "పునాదులు, పిల్లర్లు పైన రెండు అంతస్తులకు సరిపడా వేయిద్దాం, పోర్షన్ తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు, ముందు అమ్మ కిందే ఉండాలి" అన్నారు. వాయిదాలు ఐదేళ్లు కష్టమే. ఇద్దరికీ తెలిసే ఒప్పుకున్నాం.

అలా కింద మూడు గదులు వచ్చాయి. ఇంజనీరు తెచ్చిన కాగితం మీద ఒకటి మాస్టర్ బెడ్‌రూమ్. ఒకటి మదర్స్ రూమ్. మూడోది, 10 అడుగుల చదరం, గెస్ట్ బెడ్‌రూమ్.

"ఏమండీ, ఈ గెస్ట్ ఎవరు?" అన్నాను.

"ఎవరైనా. మీ అమ్మ వచ్చినా ఉండొచ్చుగా."

"అమ్మ గెస్టా?"

ఆయన కాగితం వైపు చూశారు కానీ ఏం అనలేదు. ఆయన చెడ్డవాడై కాదు. మన ఇళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు, అందుకని జవాబు దగ్గర ఉండదు. మా అమ్మ నాయుడుపేటలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి నాలుగేళ్లు. మేం ఇద్దరం ఆడపిల్లలం. అక్క బెంగళూరులో రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటుంది. అమ్మ నా దగ్గరికి వస్తే మూడో రోజు సాయంత్రానికి సంచి సర్దుకుంటుంది. "అల్లుడింట్లో ఎన్నాళ్లుంటానే" అంటుంది. మొన్నటిదాకా పడుకునేది హాల్లో దివాన్ మీద, పొద్దున అందరికంటే ముందు లేచి దుప్పటి మడిచి దాచేస్తుంది, తను అక్కడ పడుకున్న గుర్తు కూడా కనపడకూడదన్నట్టు.

కూతుళ్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, దేశమంతా రావడానికి 2005 దాకా పట్టింది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన కేంద్ర చట్టం కొడుకు అని ఒక్కడినే అనలేదు, కూతురినీ కలిపే చెప్పింది. కాగితం మీద వాటా ఉంది, బాధ్యతా ఉంది. ఇంటి ప్లాను కాగితం మీద మాత్రం కొడుకు తల్లికి గది, కూతురి తల్లికి గెస్ట్ రూమ్. నాకు కొడుకు తల్లి మీద కోపం లేదు. ఆమె గదిలో స్విచ్చి ఎక్కడుండాలో దగ్గరుండి రాయించింది నేనే. అంతే శ్రద్ధగా రెండో తల్లికి కూడా రాయించుకోవాలనుంది, అంతే.

ఈలోగా అత్తయ్య ఇంకో మాట అంది. ఆ మూడో గదిని పూజ గది చేద్దామని. ఆమెది అన్యాయమైన కోరిక అనలేను. 6 అద్దె ఇళ్లలోనూ దేవుడి పటాలు వంటింటి అలమరలోనే ఉన్నాయి, పప్పు డబ్బాల పక్కన. "సొంతిల్లు కడితే దేవుడికో గది" అని మామయ్య ఉన్నప్పటి నుంచీ అంటోంది. ఆమె అడిగింది దేవుడి కోసం, నేను అడిగింది అమ్మ కోసం. మా వారు ఇద్దరి మధ్యా నోరు మెదపలేక పదిహేను రోజులు ప్లాను ఊసే ఎత్తలేదు. అమ్మకు ఈ సంగతి ఎలా తెలిసిందో, ఫోన్ చేసి "బోరుకయ్యే డబ్బు నేనిస్తానే" అంది. వద్దన్నాను. ఇస్తే కాదనే రోజులు కావు, వాయిదాల లెక్క తెలిసినదాన్నే. కానీ ఆ డబ్బు తీసుకుంటే రేపు ఆ గది అమ్మ కొనుక్కున్నదవుతుంది. కూతురింట్లో తల్లి అద్దె కట్టి ఉన్నట్టు ఉండకూడదు.

కాగితం మీద తేలకపోతే నేల మీద చూద్దామని నేనే అన్నాను. డిసెంబరు ఆఖరి ఆదివారం, వానలు తగ్గాక, అందరం స్థలం దగ్గరికి వెళ్లాం. అమ్మ ఆ వారం మా దగ్గరే ఉంది. ఇంజనీరు టేపు, తాడు తెచ్చాడు. సున్నంతో గోడలన్నీ అసలు కొలతల్లో గీశాం. గుమ్మాలు ఉన్నచోట గీత వదిలేశాం. మంచాలకు పాత చాపలు పరిచాం. ఈ పని తప్పకుండా చెయ్యండి, ఖర్చు ఒక సున్నం బస్తా. కాగితం మీద ఎంతో బాగున్న మా పడకగదిలో బీరువా తలుపు తెరిస్తే మంచానికి తగిలింది. అత్తయ్య గది నుంచి బాత్‌రూమ్‌కు 9 అడుగులు, వాకరుతో ఆమె నడిచి చూసి "చాల్లే, దగ్గరే" అంది.

తర్వాత ఆమె కోరినట్టే మూడో గదిని పూజ గదిగా అనుకుని ఈశాన్యం మూల చాప వేశాం. అత్తయ్య చాప వైపు చూసి నిలబడిపోయింది. కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు, గది ఊహలో మాత్రం ఎవరికీ తట్టలేదు. మా అబ్బాయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చుని హారతి ఇస్తున్నట్టు చెయ్యి తిప్పి చూసింది. కుర్చీ, ముందు ఒక పీఠం, పక్కన దీపం. ఐదడుగులు పొడవు, నాలుగు వెడల్పు చోటు కూడా నిండలేదు. చుట్టూ మిగిలిన గదిని ఒకసారి చూసింది.

"ఇంత గది ఏం చేసుకునేదానికి అమ్మే? దేవుడేమన్నా ఈడ పడుకుంటాడా?" అంది. "హాల్లో ఈశాన్యం మూల గూడు మాదిరి పెట్టించు. పీఠం మాత్రం కుర్చీలో కూర్చుంటే అందాల."

అమ్మ అప్పటిదాకా గీతల బయట, గ్రావెల్ కుప్ప పక్కన నిలబడి ఉంది. అత్తయ్య ఆమెను చూసి, "ఏంది వదినా, ఎండలో ఆడ నిలబడుండావు? నీ గదిలోకి రా" అంది.

"నానమ్మా, గదిలోనూ అదే ఎండ" అని మా వాడు పకపకా నవ్వాడు. అందరం నవ్వాం. అమ్మ గుమ్మం కోసం వదిలిన చోటు నుంచే లోపలికి వచ్చింది, గీత తొక్కకుండా. కాసేపు నిలబడి, "కిటికీ యాడ వస్తుంది?" అని అడిగింది.

ఉత్తరానికి వస్తుంది. కొలత మారింది కూడా. తర్వాత వారం ఇంజనీరు తెచ్చిన కాగితంలో గదుల పేర్లు మా అబ్బాయి చెప్పినట్టు రాశాడు. వాడి లెక్కలో ఇద్దరూ అమ్మల అమ్మలే కదా. ఒకటి నానమ్మ గది, ఒకటి అమ్మమ్మ గది. రెండు గదుల బాత్‌రూమ్‌ల తలుపులూ 3 అడుగులు, బయటికే తెరుచుకుంటాయి. పూజ గూటికి గంటల తలుపులు, పీఠం 30 అంగుళాల ఎత్తు. మా వారు ఆ కాగితం చూసి సంతకం పెట్టారు. ఏం మాట్లాడలేదు, కానీ అమ్మమ్మ గదిలో రాసిన ఒకే ఫ్యాన్ పాయింటు పక్కన తన చేత్తో "ఏసీ పాయింటు కూడా" అని రాశారు.

పని పుష్యం వెళ్లి మాఘం వచ్చాక మొదలు. మన వైపు ఇల్లు కట్టాలంటే ఇదే సరైన కాలం కూడా. పునాదులు ఎండల్లో తేలాలి, ఆశ్వయుజం వానలు పట్టుకునే లోపు స్లాబు పడాలి. బోరు నీళ్లు పరీక్షకు పంపాం. కమ్మీలు వేసే కాంక్రీటుకు నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, మన ఉప్పు నేలల్లో ఈ పరీక్ష మానకండి. దాటితే మంచి నీళ్ల ట్యాంకరు తెప్పించుకోవాలి. కమ్మీల మీద కాంక్రీటు పొర కూడా ఉప్పుగాలికి తగ్గట్టు మందంగా ఉండాలని ఇంజనీరు దగ్గర రాయించుకోండి.

అమ్మ వచ్చేస్తానని మాత్రం ఇంకా అనలేదు. నాయుడుపేట ఇల్లు, ఆ వాకిలి, ఇరవై ఏళ్ల నాటి కరివేపాకు చెట్టు, ఎదురింటి వాళ్లు, ఆమె బతుకంతా అక్కడే. వస్తావా అని నేనూ మళ్లీ అడగలేదు. గది ఉంది, అది ఆమెకు తెలుసు. తలుపులే లేని చెంగాళమ్మ గుడి ఉన్న ఊళ్లో మా ఇంటికి 11 తలుపులు పెట్టిస్తున్నాం. అందులో ఒకటైనా ఆమె పట్టుకుని తీసే తలుపు కావాలని నా కోరిక.

మొన్న శనివారం అమ్మ ఫోన్ చేసింది. నాన్న చేయించిన టేకు బీరువా వెడల్పు కొలిచిందట. మూడడుగుల రెండంగుళాలు. "ఆ గది గుమ్మంలో పడుతుందా?" అంది.

పక్కకు తిప్పితే పడుతుందని చెప్పాను.